పెదనాన్న స్పీకర్లు మళ్లీ పాడాయి

‘‘ఒరేయ్, అటక ఖాళీ చేస్తున్నాం. మీ పెదనాన్న పాటల డబ్బాలు రెండున్నాయి. పాత సామాన్లవాడు రెండూ కలిపి మూడొందలిస్తానంటున్నాడు. ఇచ్చెయ్యమంటావా?’’

తెనాలి నుంచి పెద్దమ్మ ఫోన్. నేనప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. మ్యూట్‌లో పెట్టి ఒక్కటే మాట అన్నా: ‘‘ఇవ్వకు పెద్దమ్మా, నేనొస్తున్నా.’’

ఎందుకన్నానో నాకే తెలీదు. నేను చదివింది ఇంజినీరింగే అయినా చేసేది సాఫ్ట్‌వేర్. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని అయిదేళ్లు దాటింది. కానీ ఆ డబ్బాలు మా ఇంట్లో మామూలు సామాను కాదు. 1985లో పెదనాన్న మద్రాసు వెళ్లి, బర్మా బజార్లో సెకండ్ హ్యాండ్‌లో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకున్నంత పనిచేసి తెచ్చుకున్న హైఫై స్పీకర్లవి. వాటిని పెట్టుకునే పెదనాన్న తెనాలిలో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నడిపాడు.

ఇప్పటి పిల్లలకి రికార్డింగ్ సెంటరంటే చెప్పాలి. కావాల్సిన పాటలు కాగితం మీద రాసిస్తే, ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. సీ-60 అయితే ఒక్కో వైపు అరగంట, సీ-90 అయితే ముప్పావుగంట. ఏ పాట తర్వాత ఏది వస్తే బాగుంటుందో, చివర్లో పాట మధ్యలో టేపు తెగకుండా ఎలా సర్దాలో అన్నీ పెదనాన్న లెక్కలే. ‘సాగరసంగమం’ పాటలు ఎన్ని వందలసార్లు ఎక్కించాడో ఆయనకే గుర్తులేదు. సీడీలు, ఎంపీత్రీలు వచ్చాక 2001లో షాపు మూసేశాడు. స్పీకర్లు అటకెక్కాయి. ఆ తర్వాత ఆయన పాటలు వినడం దాదాపు మానేశాడు. ఫోన్లో పెట్టిస్తే ‘‘అందులో వినబుద్ధి కాదురా’’ అని పక్కన పెట్టేసేవాడు.

మూత తీస్తే బూడిద

కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు కూడా పెట్టి, మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి తెచ్చా. ముందున్న గుడ్డ జాలీ తీశా. చెక్కపెట్టె గట్టిగానే ఉంది. కంపెనీ బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. వెనక ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అన్న స్టిక్కర్ మాత్రం మిగిలింది. ఎనిమిదంగుళాల వూఫర్, దానిపైన చిన్న ట్వీటర్. వూఫర్ అంచు మీద వేలు పెట్టానో లేదో, నల్లటి ముక్కలు ముక్కలుగా చేతికొచ్చేసింది.

భయపడాల్సిన పనిలేదని తర్వాత తెలిసింది. వూఫర్‌లో కాగితపు కోన్ ఉంటుంది కదా, దాని చుట్టూ ఇనుప ఫ్రేముకి కలుపుతూ మెత్తటి ఉంగరంలాంటి అంచు ఉంటుంది. దాన్ని సరౌండ్ అంటారు. డెబ్బైలు, ఎనభైల్లో చాలా కంపెనీలు దీన్ని పాలీయురెథేన్ ఫోమ్‌తో చేశాయి. తేలిగ్గా ఉంటుంది, బాగా ఊగుతుంది. కానీ గాల్లో తేమకీ, ఎండకీ మెల్లగా కుళ్లిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్లే దాని ఆయుష్షు. మన కోస్తా ఉక్కపోతలో ఇంకెంత కాలం నిలుస్తుంది! అంటే స్పీకర్ చచ్చిపోలేదు, దాని రబ్బరు చెప్పు అరిగిందంతే.

ముందు చేయాల్సిన పరీక్ష మల్టీమీటర్‌తో. స్పీకర్ రెండు తీగల మధ్య ఓమ్స్ చూడాలి. ఎనిమిది ఓమ్స్ అని రాసున్న వూఫర్ మీటర్లో ఆరు, ఏడు చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే. అసలేమీ చూపించకపోతే లోపల వాయిస్ కాయిల్ తెగినట్టు, అప్పుడు ఖర్చు వేరు. నావి నాలుగూ, అంటే రెండు వూఫర్లు, రెండు ట్వీటర్లు, బతికే ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వందేళ్ల పాత బుర్ర

అసలు ఇంత పాత వస్తువు ఎందుకు బాగు చేయొచ్చంటే, స్పీకర్ సూత్రం మారలేదు కాబట్టి. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇప్పుడు మనం వాడే పద్ధతికి రూపమిచ్చారు. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అంటించిన కోన్. తీగచుట్టలో కరెంటు మారినట్టల్లా కోన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది, గాలి కదులుతుంది, పాట వినిపిస్తుంది. ఇవాళ్టి బ్లూటూత్ డబ్బాలో ఉన్నదీ అదే.

పెదనాన్న స్పీకర్ల పెట్టెకి ఎక్కడా రంధ్రం లేదు, పూర్తిగా మూసేసి ఉంది. ఇది కూడా ఒక మనిషి ఆలోచనే. ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టాడు. పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా వాడుకుంటే చిన్న పెట్టెలోంచి కూడా లోతైన బేస్ వస్తుందని చూపించాడు. అంతకు ముందు అలాంటి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాలి. అందుకే ఇలాంటి స్పీకర్లకి అంచు ఊడితే అసలు ప్రాణమే పోయినట్టు. గాలి బయటికి పోతుంటే స్ప్రింగ్ ఎక్కడిది?

జిగురు పాఠాలు

కొత్త ఫోమ్ అంచులు జత, జిగురుతో సహా ఆన్‌లైన్‌లో దొరికాయి. ఎనిమిదంగుళాలు కదా అని కళ్లు మూసుకుని ఆర్డర్ పెట్టకూడదు. ఫ్రేము బయటి కొలత, కోన్ బయటి కొలత, ఫోమ్ మడత వెడల్పు, ఈ మూడూ స్కేలుతో కొలిచి పోల్చుకోవాలి.

తర్వాత ఓపిక పని. పాత ఫోమ్‌నీ, ఎండిపోయిన జిగురునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తడిపి, చిన్న బల్లతో మెల్లగా గీకాలి. కాగితపు కోన్ కాబట్టి తొందరపడితే చిరుగుతుంది. ఒక వూఫర్‌కి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

జిగురు పెట్టేటప్పుడు ముందు ఫోమ్‌ని కోన్‌కి అంటించి ఆరనివ్వాలి. ఆ తర్వాతే ఫ్రేముకి. అసలు చిక్కు ఇక్కడే. కోన్ సరిగ్గా మధ్యలో నిలబడకపోతే, లోపలున్న తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుని గరగర శబ్దం వస్తుంది. ఆ సందు తలవెంట్రుకలు కొన్ని పట్టేంతే ఉంటుంది. మొదటి వూఫర్‌కి నేను కంటిచూపుతో మధ్యకి సర్ది ఆరబెట్టా. పొద్దున్నే కోన్ మీద రెండు వైపులా వేళ్లు పెట్టి మెల్లగా నొక్కితే... గర్ర్. కొత్త ఫోమ్ పీకేయాల్సొచ్చింది. చిరిగింది. ఇంకో జత ఆర్డర్.

రెండోసారి పద్ధతిగా చేశా. ఫ్రేముకి జిగురు పెట్టి, అది పచ్చిగా ఉండగానే వూఫర్‌ని యాంప్లిఫయర్‌కి కలిపి, ఫోన్లో టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ శబ్దాన్ని చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టా. కోన్ కళ్లకి కనిపించేలా ఊగుతుంది. ఎక్కడైనా రాసుకుంటే వెంటనే చెవికి తెలుస్తుంది. గరగర పోయేదాకా అంచుని వేళ్లతో అటూ ఇటూ జరిపి, అక్కడ నొక్కిపట్టా. ఈసారి పొద్దున నొక్కితే చప్పుడు లేదు.

ఫెవిక్విక్‌లాంటి రాయిలా గట్టిపడే జిగుర్లు మాత్రం ఈ పనికి వాడకండి. ఫోమ్ వంగే చోట గట్టిపడితే పగిలిపోతుంది. ఇంకోటి, కోన్ నల్లగా మెరవాలని పెయింట్ కూడా వేయొద్దు. ఆ రంగు బరువుకే కోన్ ఊగే తీరు మారిపోతుంది.

నేను చేసిన అసలు తప్పు

ఇక్కడితో ఆపి, ఒకసారి పాట విని ఉంటే నా కథ సగంలో ముగిసేది. కానీ అప్పటికే ఉత్సాహం తలకెక్కింది. ‘పాత కెపాసిటర్లు మారిస్తే స్పీకర్ రెట్టింపు బాగుంటుంది’ అని ఎక్కడ చూసినా అదే మాట. సరే, అప్‌గ్రేడ్ కూడా చేసేద్దాం అనుకున్నా.

పెట్టె లోపల క్రాస్‌ఓవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. బరువైన శబ్దాల్ని వూఫర్‌కీ, సన్నటివాటిని ట్వీటర్‌కీ పంచేది అదే. పెదనాన్న స్పీకర్లో అది మరీ సింపుల్. వూఫర్ దారిలో ఒక రాగి తీగచుట్ట, ట్వీటర్ దారిలో ఒక కెపాసిటర్. రాగిచుట్టకి వయసు రాదు. కానీ ఆ కెపాసిటర్ ఎలక్ట్రోలిటిక్ రకం, లోపలున్న రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. దానిమీద 4.7 మైక్రోఫారడ్స్ అని రాసుంది. నా టెస్టర్‌లో పెడితే 6.2 చూపించింది. ఎనిమిది ఓమ్స్ ట్వీటర్‌కి లెక్క కడితే, 4,200 హెర్ట్జ్ దగ్గర మొదలవ్వాల్సిన ట్వీటర్ పని 3,200 దగ్గరే మొదలవుతోందన్నమాట. తనది కాని బరువు మోస్తోంది పాపం.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మంచి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు కొనుక్కొచ్చా. పాతవి తీసి, కొత్తవి పెట్టి, తీగలు మార్చి, వెనక టెర్మినల్స్ మార్చి, అన్నీ ఒకే ఆదివారం కానిచ్చేశా. మధ్యలో ఎక్కడా వినలేదు, కొలవలేదు.

ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఒకేసారి అయిదు మార్పులు చేసి కోడ్ పంపిస్తే నేనే క్లాసు పీకుతా, ‘‘బగ్ వస్తే ఎందులో ఉందో ఎలా తెలుస్తుంది?’’ అని. ఇంట్లో ఆ బుద్ధి ఏమైందో!

సంక్రాంతి తీర్పు

సంక్రాంతికి స్పీకర్లు తెనాలి చేరాయి. ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చున్నారు. పెదనాన్నకి డెబ్బై నాలుగేళ్లు. కుర్చీ తెచ్చుకుని, రెండు స్పీకర్ల మధ్యకి సరిగ్గా జరుపుకుని కూర్చున్నాడు. ‘సాగరసంగమం’ పాట పెట్టా. పిన్ని చప్పట్లు కొట్టింది. తమ్ముడు వీడియో తీశాడు. పెదనాన్న రెండు నిమిషాలు విని, లేచొచ్చి వాల్యూమ్ తగ్గించాడు.

‘‘బాగుందిరా. కష్టపడ్డావ్. కానీ ట్వీటర్ పళ్లు కొరుకుతోంది. బాలు గొంతులో ‘స’ అన్నప్పుడల్లా గుచ్చుకుంటోంది. ఇవి నా స్పీకర్లలా లేవు.’’

పక్కనున్న బాబాయ్ ‘‘నీకు చెవులు పెద్దవైపోయాయన్నయ్యా’’ అని నవ్వేశాడు. వయసుతో పాటు సన్నటి శబ్దాలు వినిపించడం తగ్గుతుందన్నది నిజమే. నేనూ అదే మాట పట్టుకుని సర్ది చెప్పుకోవచ్చు. కానీ పెదనాన్న వాదించలేదు. భోజనానికి లేచిపోయాడు. మిగతా పండగ మూడు రోజులూ స్పీకర్లు మళ్లీ ఆన్ చేయమని అడగలేదు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను బాగు చేసింది ఆయన వస్తువుని. ఆయనకి నచ్చనప్పుడు బాగు చేశానని ఎలా అనుకోను?

ఎడమ పాతది, కుడి కొత్తది

అదృష్టం ఏంటంటే, పీకిన పాత కెపాసిటర్లు నేను పారేయలేదు. ఉగాదికి వెళ్లేటప్పుడు వాటితో పాటు ఫ్రెండ్ దగ్గర కొలిచే మైక్ అప్పు తీసుకుని వెళ్లా. ల్యాప్‌టాప్‌లో ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, స్పీకర్ ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా ఇస్తుందో గీత గీసి చూపిస్తుంది.

ఎడమ స్పీకర్‌లో పాత కెపాసిటర్ తిరిగి పెట్టా. కుడిదాన్లో కొత్తది అలాగే ఉంచా. రెండిటినీ గదిలో ఒకే చోట పెట్టి, మైక్ కదపకుండా కొలిచా. పై శబ్దాల దగ్గర కుడి స్పీకర్ గీత దాదాపు రెండు డెసిబెల్స్ పైన ఉంది. పెదనాన్న చెవులు కరెక్టే!

కారణం కూడా టెస్టర్‌లోనే ఉంది, నేను చూసుకోలేదంతే. ఏ కెపాసిటర్‌కైనా లోపల కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది. దీన్ని ఈఎస్ఆర్ అంటారు. పాతదానిది 1.8 ఓమ్స్. కొత్త ఫిల్మ్ కెపాసిటర్‌ది దాదాపు సున్నా. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి కొత్తగా ఉన్నప్పుడు కూడా ఎంతో కొంత ఉంటుంది. అప్పటి డిజైనర్ ఆ కొంచెం నష్టాన్ని కూడా లెక్కలో కలుపుకునే ట్వీటర్‌ని వూఫర్‌కి జోడు కుదిర్చి ఉంటాడు. నేను ‘మంచి’ భాగం పెట్టి ఆ తూకాన్ని చెడగొట్టా.

మందు చాలా చవక. కొత్త కెపాసిటర్‌కి వరుసలో ఒక చిన్న రెసిస్టర్, అయిదు వాట్ల తెల్ల సిమెంట్ రకం, పది రూపాయలు కూడా ఉండదు. ఒక ఓమ్ పెడితే ట్వీటర్ సుమారు ఒక డెసిబెల్ తగ్గుతుంది. రెండు ఓమ్స్ పెడితే రెండు డెసిబెల్స్.

ఎంత పెట్టాలో మాత్రం లెక్కతో తేల్చలేదు. రెండు స్పీకర్లలోనూ కొత్త కెపాసిటర్లు పెట్టి, రెసిస్టర్ తీగల్ని బయటికి లాగి, క్లిప్పులతో మార్చేలా అమర్చా. పెదనాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, ఏది ఎప్పుడు మారుస్తున్నానో చెప్పకుండా, ఒకే పాట ఒకే వాల్యూమ్‌లో మూడు రకాలుగా వినిపించా. రెసిస్టర్ లేకుండా, ఒక ఓమ్‌తో, రెండు ఓమ్స్‌తో. వరుస మార్చి మళ్లీ మళ్లీ. మూడుసార్లలో రెండుసార్లు ఒక ఓమ్ దగ్గరే చెయ్యెత్తాడు. మూడోసారి రెండు ఓమ్స్ దగ్గర కాసేపు ఆగి, ‘‘ఇది కాస్త ముసుగేసినట్టుంది, ముందుదే పెట్టు’’ అన్నాడు. ముందుది ఒక ఓమే.

సోల్డర్ చేసి మూత బిగించేశా.

మీ ఇంట్లోనూ ఉంటే...

మీ అటక మీద కూడా ఇలాంటి జత ఉంటే ఇనప సామానుకి వేసే ముందు ఓ గంట కేటాయించండి. నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి:

- ముందు రిపేరు, తర్వాతే అప్‌గ్రేడ్. అంచు వేసి వారం రోజులు వినండి. ఏం తక్కువైందో అప్పుడే తెలుస్తుంది.

- ఒకసారికి ఒకే మార్పు. తీసిన ప్రతి భాగాన్నీ కవర్లో వేసి పేరు రాసి దాచండి. తీగలు విప్పే ముందు ఫోన్లో ఫొటోలు తీయండి.

- వూఫర్ తీగలు తారుమారు కాకుండా చూసుకోండి. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్‌ని క్షణంపాటు తాకిస్తే రెండు వూఫర్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వెళ్తే బేస్ మాయమైపోతుంది. ట్వీటర్ మీద మాత్రం ఈ సెల్ ప్రయోగం చేయొద్దు.

- మూసిన పెట్టె అయితే వూఫర్ బిగించాక కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదలండి. నెమ్మదిగా బయటికొస్తే గాలి నిలుస్తున్నట్టు. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీకుంది.

- లోపల పసుపుపచ్చ గ్లాస్ వూల్ ఉంటే మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

- యాంప్లిఫయర్ కూడా పాతదే అయితే దాన్ని తెలిసినవాళ్లకే ఇవ్వండి. ప్లగ్ పీకినా దాని పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిల్వ ఉండొచ్చు.

- వేలకి వేలు పోసి కేబుళ్లు కొనకండి. మూడు, నాలుగు మీటర్ల దూరానికి కాస్త మందం ఉన్న మామూలు రాగి తీగ చాలు. స్పీకర్లని నేల మీంచి లేపి, ట్వీటర్ చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టి, గోడకి కాస్త జరిపితే వచ్చే తేడా అంతకంటే ఎక్కువ. పైగా అది ఉచితం.

నాకు మొత్తం ఖర్చు: రెండు జతల ఫోమ్, జిగురు 2,600, కెపాసిటర్లు 700, టెస్టర్ 900, ఆల్కహాల్, తీగలు, టెర్మినల్స్ కలిపి 700. వెరసి 4,900 రూపాయలు. అందులో ఒక జత ఫోమ్ డబ్బు నా తొందరకి కట్టిన ఫైను. ఇంత పెట్టి కొత్త బ్లూటూత్ స్పీకర్ వస్తుంది కదా అని మా ఆఫీసులో ఒకడన్నాడు. నిజమే, వస్తుంది.

ఉగాది రాత్రి మేం తిరుగు ప్రయాణానికి బ్యాగులు సర్దుకుంటుంటే, పెదనాన్న అటక మీంచి దించిన అట్టపెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసుకొచ్చాడు. లేబుల్ మీద ఆయన గుండ్రటి చేతిరాతలో పాటల వరుస. ‘‘కస్టమర్ చేయించుకుని తీసుకెళ్లలేదురా, డబ్బులు కూడా ఇవ్వలేదు’’ అన్నాడు నవ్వుతూ. ‘‘ఈసారొచ్చేటప్పుడు దీన్ని పాడించే మిషన్ ఒకటి చూడు.’’

టేప్ డెక్ బెల్టులు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడు వెతుకుతున్నా.